గరుకుగా వదిలిన రేకు

టక్. టక్ టక్. కాసేపు ఏమీ లేదు. మళ్లీ టక్, ఈసారి మెత్తగా, పసిపాప నిద్రపోతున్న ఇంటి తలుపు తట్టినట్టు.

సమాధుల తోట గోడ పక్కన నడిచి వెళ్తుంటే మనిషి కంటే ముందు ఆ చప్పుడు ఎదురొచ్చింది. ఇంకొంచెం ముందుకు వెళ్లాక దాని వెనకే మరో చప్పుడు, గడియారంలా సమంగా. రెండూ ఒకే పెరట్లోంచి వస్తున్నాయి. సమంగా వచ్చేది అక్షరాలు చెక్కే చప్పుడనీ, ఆగి ఆగి వచ్చేది పూలు చెక్కే చప్పుడనీ నాకు తర్వాత తెలిసింది.

గేటు తోస్తే లోపల అంతా తెలుపు. నేల తెలుపు, కిటికీ రెక్కలు తెలుపు, తాడు మీద ఆరేసిన దుప్పటి తెలుపు. ఏళ్ల తరబడి రాలిన చలువరాతి పొడి ఎండకి కూడా కరగని పొగమంచులా ఆ పెరడంతా పరుచుకుని ఉంది. పచ్చగా ఉన్నది ఒక్కటే, వెనక గోడ మీదకి పాకిన గుమ్మడి పాదు. దాని ఆకుల మీద కూడా సన్నగా పొడి. ఆ తెలుపు మధ్యలో ఒకామె రాయి మీదకి వంగి ఉంది. కనుబొమ్మల మీద, చెవి అంచుల మీద, ముంగురుల మీద పొడి. యాభై దాటిన మనిషే గానీ, ఒక్కసారి ముఖం కడుక్కుంటే ఎటు జరుగుతుందో ఆ వయసు, చెప్పలేం.

వీధిలో అందరూ ఆమెని రాతిపూల అక్క అంటారు. అక్షరాలు చెక్కేది ఆమె తమ్ముడు. పక్క సందులో భార్యతో ఉంటాడు, పొద్దెక్కాక వచ్చి పనిలో కూర్చుంటాడు. వెనక గదిలో వాళ్లమ్మ.

మా పిన్నికి సమాధి రాయి చేయించాలని వెళ్లాను. ఏ పువ్వు కావాలో ముందే అనుకుని వెళ్లాను.

"గులాబీ" అన్నాను.

అక్క తల ఎత్తలేదు. "పువ్వు సంగతి తర్వాత చూద్దాం. మీ పిన్ని పొద్దున లేవగానే ఏం చేసేవారు?"

ఇలాంటి ప్రశ్న వస్తుందని ఎవరు అనుకుంటారు? "రేడియో పెట్టేది. స్టేషను దొరికేదాకా తిప్పుతూ కూర్చునేది. దొరికాక వినేది కాదు, వంటింట్లోకి వెళ్లిపోయేది."

వెనక గదిలోంచి ఓ ముసలి గొంతు గట్టిగా వినపడింది. "పొద్దుతిరుగుడు పెట్టవే!"

"విన్నానమ్మా."

"వినడం కాదు, పెట్టు. వెలుగు ఎటుంటే అటు మెడ తిప్పే మనిషి ఆవిడ. గులాబీ అంట, గులాబీ! ఎవరి పిన్ని పోయినా గులాబీయే."

"మా అమ్మ నోటికి తలుపు లేదండీ" అంది అక్క, ఉలి కొస మీద పొడిని ఊదుతూ. "ఏమీ అనుకోకండి."

నేనేమీ అనుకోలేదు. పిన్ని రేడియో ముందు మెడ తిప్పి కూర్చోవడం అప్పుడే, ఆ తెల్లటి పెరట్లో, మొదటిసారి సరిగ్గా చూశాను.

ఆ దుకాణం పద్ధతి అది. వచ్చినవాళ్లని ఏ పువ్వు కావాలని అడగరు. పోయిన మనిషి పొద్దున లేవగానే ఏం చేసేదో అడుగుతారు. మెలకువకీ లోకానికీ మధ్య ఉన్న ఆ కాస్త సమయంలో మనిషి ఎవరికోసమూ నటించదని ముసలావిడ నమ్మకం. భర్త రాళ్లు చెక్కే రోజుల నుంచీ గుమ్మం దగ్గర కూర్చుని ఆ ప్రశ్న అడిగింది ఆవిడే, జవాబు విని పువ్వు చెప్పింది ఆవిడే. ఆ భర్త పోయినప్పుడు ప్రశ్న తనకి తానే వేసుకుందట. "లేవగానే చెయ్యి చాచి నేను పక్కన ఉన్నానో లేదో తడిమి చూసేవాడు" అని చెప్పి, అల్లుకునే తీగపువ్వు చెక్కించింది. వెంటనే, "ఉన్నానని తెలిశాక మళ్లీ అటు తిరిగి పడుకునేవాడు, సోమరిపోతు" అని కూడా అందట.

పని ఎంతవరకు వచ్చిందో చూసే వంకతో నేను మళ్లీ మళ్లీ వెళ్లాను. అసలు సంగతి ముసలావిడ కథలు. గుమ్మంలో పీట మీద కూర్చుని, ఎదుటి మనిషి ముఖానికి కాస్త పక్కగా చూస్తూ చెప్పేది. గసగసాల పువ్వంటే నిద్ర. నిద్రదేవుడి గుహ ముందు ఆ పూలే పూసేవని పాతవాళ్లు చెప్పుకునేవారట. అందుకే చాలాకాలం నొప్పితో మంచం పట్టి పోయినవాళ్లకి దాన్ని పెడతారు, ఇక హాయిగా పడుకొమ్మని. నీటిపూలు పొద్దుగూకితే ముడుచుకుని, తెల్లారితే మళ్లీ విచ్చుకుంటాయి. ఎప్పటి రాజులో తమ సమాధి గోడల నిండా వాటినే గీయించుకున్నారట, మళ్లీ లేస్తామన్న ఆశతో. ఒకప్పుడు భోజనాల బల్ల పైన గులాబీ వేలాడదీస్తే దాని కింద అనుకున్న మాట గడప దాటకూడదని కట్టుబాటు. కాబట్టి గుట్టుగా బతికిన మనుషులకి గులాబీ. "మీ పిన్ని గుట్టు మనిషేనా?" అని నన్ను అడిగింది. నవ్వొచ్చింది నాకు. మా పిన్ని సంగతి వీధి మొత్తానికీ తెలుసు.

అన్నిటికంటే నాకు నచ్చింది ఏటి ఒడ్డు కథ. ఒకడు ప్రియురాలికి నీలిపూలు కోయబోయి ఏట్లో పడ్డాడు. కొట్టుకుపోతూ ఆ గుత్తిని ఒడ్డుకి విసిరి, నన్ను మర్చిపోకు అని అరిచాడు. అప్పటినుంచీ ఆ పువ్వు పేరే అది. ముసలావిడ ఆ చివరి మాట ఎంత నెమ్మదిగా చెప్పేదంటే, పెరట్లో రెండు ఉలులూ ఆగేవి. తర్వాత గొంతు మార్చి, "ఈత రానివాడికి ఏటి ఒడ్డున పూలెందుకమ్మా, బుద్ధి లేకపోతే సరి!" అనేది. ఉలులు మళ్లీ మొదలయ్యేవి.

ఇంకో పద్ధతి కూడా ఉంది వాళ్లకి. ప్రతి రాతిపువ్వులో ఒక రేకుని నునుపు చెయ్యకుండా వదిలేస్తారు. మిగతా రేకులన్నీ నీళ్లు చల్లి, సానరాయితో రుద్ది రుద్ది, తడి వేలు జారేంత నునుపు చేస్తారు. ఆ ఒక్కటి మాత్రం ఉలి వదిలిన గీతలతో గరుకుగా ఉంటుంది. తోటకి వచ్చేవాళ్ల చెయ్యి ఎందుకో నేరుగా దాని మీదకే పోతుంది. ఏళ్లు గడిచేకొద్దీ ఆ వేళ్లే దాన్ని నునుపు చేస్తాయి. తోటలో తిరిగి చూస్తే ఏ రేకు ఎంత అరిగిందో అదే చెబుతుంది, ఎవరి దగ్గరికి ఎవరు వస్తున్నారో, ఎవరి దగ్గరికి రావడం మానేశారో.

ఒకరోజు వెళ్లేసరికి అక్క చేతిలో ఉలి లేదు. చెక్కని రాయి ఒకటి ముందు పెట్టుకుని ఊరికే కూర్చుని ఉంది. ఏమైందని అడిగితే తమ్ముడు చెప్పాడు, ఉలి దెబ్బ ఆపకుండానే.

"అమ్మ తన పువ్వు తనకి చెక్కి చూపించమంటోందండీ. కళ్లు ఉండగానే చూసుకోవాలట."

ముసలావిడ ముఖానికి పక్కగా ఎందుకు చూస్తుందో నాకు అప్పుడు అర్థమైంది. కంటి జబ్బు. అంచుల్లో ఉన్నవన్నీ కనపడతాయి, నడిమధ్య మాత్రం మసక. దేన్ని చూడబోతే అది మాయమవుతుంది. చెట్టు వైపు చూస్తే చెట్టు పోయి ఆకాశం మిగులుతుంది. మనిషి వైపు చూస్తే ముఖం పోయి చెవులు మిగులుతాయి. మసక రోజురోజుకీ పెద్దదవుతోందనీ, ఆపే మందు లేదనీ డాక్టరు చెప్పాడు.

"నేను పోయాక ఏదో ఒకటి పెట్టేసి, మా అమ్మకి ఇదే ఇష్టం అంటారు మీరిద్దరూ" అని లోపల్నుంచి ముసలావిడ. "ఊరందరి పూలూ నేను చెప్పాను. నాది నువ్వు చెప్పవే. చూస్తాను."

"సరే అడుగుతున్నా. పొద్దున లేవగానే ఏం చేస్తావు?" అంది అక్క.

ఈసారి ఆ గొంతు కొంచెం తగ్గి వచ్చింది. "వచ్చినవాళ్లని అడుగుతాం, ఎందుకంటే వాళ్ల మనుషులు మనకి తెలీదు గనక. నన్ను కూడా అడగాలా నువ్వు?"

అక్క ముఖం మీద పొడి ఉన్నా ఎర్రబడటం తెలిసింది.

గేటు దాకా నాతో వచ్చింది ఆరోజు. "లేచి పొయ్యి వెలిగిస్తుంది, ఇంకేం చేస్తుంది? అందరూ చేసేదే కదా" అంది. రెండడుగులు వేసి మళ్లీ, "నిజం చెప్పాలంటే నాకు తెలీదండీ. నాది ఆలస్యంగా లేచే ప్రాణం. నేను కళ్లు తెరిచేసరికి అమ్మ ఎప్పుడూ వంటింట్లోనే ఉంటుంది. ఆ ముందు ఏం చేస్తుందో ఎప్పుడూ చూడలేదు. ఇన్నేళ్లూ ఒకే ఇంట్లో" అంది.

తర్వాత కొన్ని వారాలు ఆ పెరట్లో ఒక చిత్రమైన బేరం నడిచింది. అక్క చిన్న చిన్న పలకల మీద పువ్వులు చెక్కి తల్లి ఒళ్లో పెట్టేది. ముసలావిడ తల పక్కకి వంచి, కంటి అంచుతో చూసేది.

"లిల్లీనా? నేనేమన్నా అంత మంచిదాన్నా?"

ఇంకో రోజు గసగసాల పువ్వు. "నన్ను నిద్రపుచ్చుదామనేనా? నాకింకా నిద్ర రావట్లేదు."

మల్లె పెడితే, పెళ్లికూతుర్ని చేస్తున్నావా అంది. తీగపువ్వు పెడితే, "అది మీ నాన్నది. నాకు అల్లుకోవడం రాదు" అంది. చివరికి ఓ గులాబీ కూడా వచ్చింది, పాపం, ఎంత అలసిపోతేనో. ముసలావిడ దాన్ని పక్కన పెట్టి, "గుట్టా? నాకా?" అని ఊరుకుంది. ఆ ఊరుకోవడమే అక్కకి గుచ్చుకుంది. అంతకుముందు కాదన్న పలకల్లో ఎగతాళి ఉండేది. ఇందులో అది కూడా లేదు.

కాదన్న పూలన్నీ గోడ వారగా వరసగా చేరాయి. వాటి మీదుగా గుమ్మడి పాదు పాకింది. ఏటా ఎండలు తగ్గగానే ముసలావిడ గోడ వారన నాలుగు గింజలు వేసేది, కాయలు కాసేవి. కాయలు కాయడం పాదు పనేనని అక్కా తమ్ముడూ అనుకున్నారు. దాని గురించి వాళ్లు ఎప్పుడూ ఆలోచించలేదు. వాళ్లకి పూలంటే రాతివే.

ఆ ఏడు కాయ నిలవలేదు. అక్క పెరడు ఊడుస్తుంటే చీపురుకి పిందెలు తగిలేవి. గోలీ అంతవి, నిమ్మకాయ అంతవి, పసుపు తిరిగి మెత్తబడి రాలినవి. పొడిలో పొర్లి అవి కూడా తెల్లగా, చెక్కకుండా వదిలేసిన మొగ్గల్లా ఉండేవి.

"పాదు పాడైందే అక్కా, పీకేద్దాం" అన్నాడు తమ్ముడు.

"అమ్మ వింటే నిన్ను పీకేస్తుంది" అంది అక్క. కానీ ఎందుకో ఆ పిందెల్లో ఒకదాన్ని కొంగున కట్టుకుంది. ఎందుకు కట్టుకున్నావని నేనడిగితే, "ఏమో, బరువు లేదది" అంది. అంతే.

మర్నాడు తెల్లవారకముందే ఆమెకి మెలకువ వచ్చింది. పక్క మంచం ఖాళీ. వంటింట్లో చీకటి. పొయ్యి వెలగలేదు. పెరటి తలుపు ఓరగా తీసి ఉంది.

బయట ఇంకా పూర్తిగా వెలుగు రాలేదని చెప్పింది నాతో. తెల్లటి నేల, తెల్లటి రాళ్లు, వాటి మధ్య పసుపుపచ్చగా తెరుచుకున్న పెద్ద పెద్ద పూలు, ఎవరో నిలబెట్టి మర్చిపోయిన దీపాల్లా. వాటి మధ్య తల్లి. వంగి, ఒక పువ్వుని తెంపి, దాని రేకులు ఒక్కొక్కటే ఒలిచేసింది. లోపల పుప్పొడి అంటిన కాడ మిగిలింది. దాన్ని తీసుకెళ్లి ఇంకో పువ్వు నడిమధ్యలో అద్దింది, పసిపిల్ల నుదుట బొట్టు పెట్టినంత మెల్లగా. "నిలబడు తల్లీ" అంది. తర్వాత ఇంకో పువ్వు. "నిలబడమ్మా."

అక్కకి మొదట అర్థం కాలేదు. తర్వాత ఒక్కసారిగా అర్థమైంది. ఈ పెరట్లోకి తేనెటీగలు రావు. రాతిపొడికి ఏ పురుగూ ఈ పూల మీద వాలదు. ఇన్నేళ్లుగా, ఇంట్లో వాళ్లు లేవకముందే, తేనెటీగలు చేసే పనంతా తల్లి చేతులు చేశాయి.

ఇంకొంచెం దగ్గరికి వెళ్లింది. అప్పుడు కనపడింది తప్పు. గుమ్మడికి మగపూలు వేరు, ఆడపూలు వేరు. ఆడపువ్వు కింద గోలీ అంత పిందె పూతతోనే వస్తుంది. మగపువ్వు కింద సన్నటి కాడ తప్ప ఏమీ ఉండదు. తల్లి మగపువ్వుని తెంపి ఇంకో మగపువ్వుకి అద్దుతోంది. పక్కనే ఆడపువ్వు తెరుచుకుని చూస్తోంది. తల్లి కంటికి అది కనపడుతూనే ఉంది, చూడబోతే మాయమవుతోంది. ఎన్ని పొద్దులు ఇలా గడిచాయో. ఎన్ని పిందెలు చీపురు కింద పోయాయో.

"అమ్మా" అంది.

ముసలావిడ ఉలిక్కిపడలేదు. "లేచావా? తొందరగా లేచావే" అంది. తర్వాత, చేతిలో ఉన్న కాడని చూపించి, "ఈ ఏడు నా చెయ్యి మంచిది కాదే పిల్లా. ఒక్కటీ నిలవట్లేదు" అంది.

చెయ్యి మంచిదేననీ, కళ్లే కాదనీ అక్క చెప్పలేదు. తల్లి మణికట్టు పట్టుకుని రెండంగుళాలు పక్కకి జరిపింది. "ఇక్కడమ్మా" అంది. ముసలావిడ అద్దింది. అప్పుడు ఆవిడకి తెలిసిపోయింది. ఇన్నాళ్లూ ఏం చేసిందో, ఎందుకు నిలవలేదో. కాడని పొడిలో పడేసి, కూతురి చెయ్యి మాత్రం వదలకుండా లోపలికి వచ్చింది.

ఆరోజు నుంచీ పెరట్లో ఉలి చప్పుడు మారింది. నేను గోడ పక్కన వస్తూనే విన్నాను. టక్... టక్... ఇంత పెద్ద ఖాళీలు ఎప్పుడూ లేవు. గుమ్మంలో ముసలావిడ చెవి ఒగ్గి కూర్చుని ఉంది. చప్పుడు విని ఏ పువ్వో చెప్పగలదు ఆవిడ.

"లిల్లీ కాదు. తామర కాదు. రేకులు పెద్దవి, తక్కువ. అంచు మడతపడుతోంది. ఏం చెక్కుతున్నావే?"

"పని చెయ్యనీమ్మా."

"నాకు తెలీని పువ్వు ఉందా?"

"ఉంది."

తమ్ముడు నా వైపు చూసి కళ్లెగరేశాడు. ఆ ఇంట్లో ఆ మాట ఎవరూ ఎప్పుడూ అనగా వినలేదట.

ఆ పువ్వు పూర్తయ్యేసరికి ముసలావిడ కళ్లలో మసక అంచుల దాకా వచ్చేసింది. వెలుగు ఎటుందో తెలుస్తోంది, అంతే. చూడాలన్న కోరిక తీరలేదు. ఆ పగలు నేను అక్కడే ఉన్నాను, మా పిన్ని రాయి తీసుకెళ్దామని వచ్చి. అక్కా తమ్ముడూ ఇద్దరూ పట్టుకుని ఆ పలకని తల్లి ఒళ్లో పెట్టారు. ముసలావిడ రెండు చేతులూ దాని మీద వేసింది. వేళ్లు రేకుల మీదుగా వెళ్లి, మడతల్లోకి దిగి, పైకి వచ్చాయి.

"ఇదేంటే, అంతా గరుకుగానే ఉంది? ఏ రేకూ రుద్దలేదా?"

"లేదు."

వేళ్లు మళ్లీ తిరిగాయి. ఒక్కసారి ఆగాయి. ముసలావిడ నవ్వు మొదలైంది, ముందు భుజాల్లో, తర్వాత గొంతులో. "గుమ్మడిపువ్వా! సమాధి మీద కూరగాయ పాదా! తోటకొచ్చిన వాళ్లు నవ్విపోతారే!"

"నవ్వనీ."

"దీనికి కథేది? అర్థమేది? ఏ రాజు చెక్కించుకున్నాడు దీన్ని? ఏ ప్రేమికుడు ఏట్లో పడ్డాడు దీనికోసం?"

"ఎవరూ పడలేదమ్మా. ఒకావిడ పొద్దున్నే లేచేది. అంతే కథ."

నవ్వు ఆగింది. చేతులు పువ్వు కిందకి జారాయి, కాడ ఉండాల్సిన చోటికి. అక్కడ గుండ్రంగా ఏదో తగిలింది. బొటనవేలు దాని చుట్టూ తిరిగింది, ఒకసారి, ఇంకోసారి.

"పిందె పెట్టావా?"

"పెట్టాను."

"నిలుస్తుందా?" అంది ముసలావిడ. నిజంగానే అడిగింది, పొద్దున పూలని అడిగే గొంతుతో.

"రాతిదమ్మా. రాలదు."

తమ్ముడు లేచి నీళ్ల తొట్టి దగ్గరికి వెళ్లిపోయాడు. అక్క సానరాయి తెచ్చి తల్లి చేతిలో పెట్టింది, పక్కన గిన్నెలో నీళ్లు పెట్టింది. "అన్ని రేకులూ వదిలేశాను. నునుపు నువ్వు చెయ్యి. నా పని ఇంతే."

"దీనికెన్నాళ్లు పడుతుందో తెలుసా? ఈ చేతులతో?"

"నాకేం తొందర లేదు" అంది అక్క.

మా పిన్ని రాయిని బండిలోకి ఎక్కిస్తుంటే వెనక నుంచి కొత్త చప్పుడు మొదలైంది. ఉలి కాదు. తడిరాయి మీద రాయి, సన్నగా, నెమ్మదిగా, ఎవరో లోపల జోల పాడుతూ మధ్యలో మాట మర్చిపోతున్నట్టు. పిన్ని పొద్దుతిరుగుడులో గరుకుగా వదిలిన రేకు మీద నా వేలు అప్పటికే ఉంది. నేను పెట్టినట్టు గుర్తు లేదు.

గేటు మూస్తూ అక్క గోడ వైపు చూపించింది. ఆకుల మధ్య పిడికిలంత కాయ ఒకటి, పచ్చగా, గట్టిగా, నిలబడి ఉంది.

"ఈసారి వస్తే పొద్దున్నే రండి" అంది. "ఎండెక్కితే ముడుచుకుపోతాయి. ఏది మగదో ఏది ఆడదో అమ్మకి నేనే చెప్తున్నాను గానీ, నేనూ కొత్తదాన్నే కదా. ఇంకో జత కళ్లుంటే మంచిది."